కూతురు వ్రాసిన ఉత్తరము
(కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



1938వ సంవత్సరమున అమెరికా దేశములో, మిసిసిపీ రాష్ట్రమందలి ఫారెస్ట్ అను చిన్న పట్టణమునుండి ఒక తండ్రి బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యునికి ఒక ఉత్తరము పంపెను. తండ్రి వృత్తిచే న్యాయవాది. ఉత్తరము టైపుచేసిన 33 పుటలు. అందులోని విషయమంతయు ఐదేండ్ల కుమారుని గూర్చినదే. బాలుడు ఒంటరిగా ఉన్నపుడే సంతోషముగా నుండును; తల్లి వచ్చినను పోయినను గమనింపడు; గుండ్రని వస్తువు కనబడిన గిరగిర త్రిప్పుచు కూర్చుండును; పేర్లను, ముఖములను మరువడు. న్యాయవాది కనుక కాబోలు, ఆ తండ్రి తన యభిప్రాయములను ప్రక్కకు పెట్టి చూచినది చూచినట్లు వ్రాసెను. ఆ బాలుని పేరు డోనాల్డ్ ట్రిప్లెట్. వైద్యుని పేరు లియో కానర్. 1943లో కానర్ 11 మంది పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను; డోనాల్డ్ వారిలో మొదటివాడు. నేడు ఆటిజము అని ప్రపంచమంతట పిలువబడు స్థితికి ఆ వ్యాసమే తొలి ప్రసిద్ధ వర్ణన. అనగా ఈ శాస్త్రమునకు పునాదిరాయి ఒక తండ్రి జ్ఞాపకము.

డోనాల్డ్ ఏమయ్యెనని పలువురు అడుగుదురు. పెద్దవాడై తన యూరి బ్యాంకులో ఉద్యోగము చేసెను, కారు నడిపెను, గోల్ఫు ఆడెను, ఒంటరిగా దేశదేశములు తిరిగివచ్చెను. 2023 జూన్ నెలలో, 89వ యేట స్వగ్రామముననే మరణించెను. ఊరివారు ఆయనను తమవానినిగా చూచుకొనిరి.

నాడు ఉత్తరము తండ్రి వ్రాసెను. నేడు ఆ త్రోవ తలక్రిందులైనది. ఇరువది, ముప్పది యేండ్లు నిండి, చదువు ముగించి, జీతము తెచ్చుకొనుచున్న సంతానమే, ‘ఇది నాకును కలదేమో, పరీక్ష చేయించుకొందును’ అని తలిదండ్రులకు చెప్పవలసి వచ్చుచున్నది. చెప్పువారికిని అది సులభము కాదు, వినువారికిని కాదు. పెక్కు ఇండ్లలో జరుగుచున్న ఈ సంగతిని ఒక్క కుటుంబము కథగా చెప్పుకొనుట సుకరము. పేర్లతో పనిలేదు.

తండ్రి కేంద్రప్రభుత్వమున లెక్కల శాఖ ఉద్యోగి. స్వస్థలము గోదావరి తీరము. నాగపూరు, భువనేశ్వరము, గౌహతి, మరల నాగపూరు, చివరకు ఢిల్లీ రామకృష్ణపురము క్వార్టర్లు. కూతురికి 27 ఏండ్లు. పూనాలో కంప్యూటరు ఉద్యోగము. బాల్యమున ఐదు పాఠశాలలు మారినది. ఈ బదిలీల సంగతి కొంచెము ఆగి చూడదగినది. భువనేశ్వరములో ఆ పిల్ల తోటిపిల్లలతో ఆడుటలేదనిన, ‘కొత్త ఊరు, అలవాటుపడును’ అనిరి. గౌహతిలో ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్నకు బదులు చెప్పక కిటికీవైపు చూచుచున్నదనిన, ‘భాష రాదు’ అనిరి. ఢిల్లీలో మధ్యాహ్న విరామమంతయు గ్రంథాలయమున కూర్చున్నదనిన, ‘పాత స్నేహితురాండ్రు జ్ఞాపకము వచ్చుచున్నారు’ అనిరి. పాత స్నేహితురాండ్రు లేనేలేరు. ఒక చోట మూడేండ్లు గమనించిన ఉపాధ్యాయురాలు ఏదో అనుమానపడి చెప్పబోవునంతలో బదిలీ ఉత్తర్వు వచ్చెడిది. ఒక ఊరివారు చూచినది మరియొక ఊరివారికి తెలియదు. ప్రభుత్వోద్యోగి బిడ్డకు సామాను కట్టినంత తేలికగా పూర్వకథ కట్టి పంపుట కుదరదు గదా!

ఇల్లు మాత్రము అన్నియు చూచినది. మిక్సీ వేసినపుడెల్ల పిల్ల రెండు చెవులు మూసికొని గుమ్మము దాటిపోవును. గౌను మెడవెనుక కుట్టిన గుడ్డముక్కను కత్తిరించువరకు తొడుగుకొనదు. అన్నము, పెరుగు, వేయించిన బంగాళాదుంప. ఈ మూడును ఒకదానినొకటి తాకరాదు. పిల్ల విన్న మాటను విన్నట్లే తీసికొనును. అమ్మమ్మ ఒకనాడు విసిగి, ‘దీనికి చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పితిని’ అని యనగా, ఎవరి చెవిలో, ఎంత యిల్లు అని పిల్ల తీరికగా అడిగినది. అందరు నవ్విరి. ఆ నవ్వు ఎందులకో ఆమెకు తెలియలేదు. తెలియలేదని చెప్పుటయు తెలియలేదు. పండ్రెండవ యేట ఆమె ఒక చిన్న నోటుపుస్తకములో బంధువులు వచ్చినపుడు అనవలసిన మాటలు వరుసగా వ్రాసికొనెను: ‘ఎప్పుడు వచ్చారు? ప్రయాణము బాగా జరిగినదా? మామయ్యగారు కులాసాయా?’ అటుపిమ్మట బంధువులందరు, ‘ఎంత బుద్ధిమంతురాలు!’ అని మెచ్చుకొనసాగిరి. పెండ్లికి పోయి వచ్చిన మరునాడు మాత్రము ఆమె తలుపు మూసికొని, దీపము ఆర్పి, సాయంకాలమువరకు లేచెడిది కాదు. ఎండదెబ్బ అనుకొనిరి; మాఘమాసములోను ఎండదెబ్బయే అనుకొనిరి.

ఆడపిల్ల అగుటయు ఒక తెర. తెలుగువారి యిండ్లలో మాటలాడని మగపిల్లవానిని చూచి, ‘ఏమైనది వీనికి’ అందురు. మాటలాడని ఆడుపిల్లను చూచి, ‘ఎంత అణకువ’ అందురు. శాస్త్రజ్ఞులును ఇంచుమించు ఇట్లే చేసిరి. కానర్ వర్ణించిన 11 మందిలో ఎనిమిదిమంది బాలురు. 1944లో వియన్నా నగరమున హాన్స్ ఆస్పెర్గర్ తన వ్యాసమున విపులముగా వర్ణించిన నలుగురును బాలురే. వీరిద్దరికంటె ముందు, 1926లోనే, మాస్కో నగరపు వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఆరుగురు బాలురలో ఇట్టి లక్షణములనే వర్ణించి, తరువాత బాలికలను గూర్చియు వ్రాసినది. ఆమె మాటను చాలకాలము ఎవ్వరును పట్టించుకొనలేదు. మగవాని కొలతతో కుట్టిన చొక్కా ఆడుదానికి సరిపోలేదని ఆమెకు దేహమే లేదనిన యెట్లు?

మాటయొక్క పుట్టుక గూర్చి రెండు ముక్కలు చాలును. గ్రీకు భాషలో ‘ఆటోస్’ అనగా తాను. స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతమున వేరొక మానసిక వ్యాధి లక్షణమునకు ఈ పేరు పెట్టెను. కానర్ దానిని పిల్లలకు వాడెను. హిందీవారు ‘స్వలీనత’ అందురు. తెలుగున ఆటిజము అనియే వాడుక. మందబుద్ధి అని కొందరనుచుండుట పొరపాటు. బుద్ధిమాంద్యము కలవారు, లేనివారు, అసాధారణ మేధ కలవారు కూడ ఇందు కలరు. మెదడు పుట్టుకతోనే వేరొక తీరున అమరియుండుట దీని మూలము. ఇతరుల మనోభావములను ముఖకవళికలవలన, కంఠస్వరమువలన ఊహించుట కష్టమగును. చప్పుడు, వెలుతురు, స్పర్శ కొందరికి భరింపరానివగును. దినచర్యలో మార్పు గాభరా కలిగించును. ఒక విషయముపై గాఢమైన ఆసక్తి యుండును. 1979లో లండనులో లోర్నా వింగ్, జుడిత్ గోల్డ్ అను ఇద్దరు స్త్రీలు కాంబర్‌వెల్ ప్రాంతమందలి పిల్లలను పరిశీలించి, ఇది ఒక్క ముద్దగా ఉండు వ్యాధి కాదని చూపిరి. తరువాత వింగ్ దీనిని వర్ణపటముతో పోల్చెను. లోర్నా వింగ్ వైద్యురాలేకాదు, ఆటిజము కల బిడ్డకు తల్లి. ఆస్పెర్గర్ జర్మను వ్యాసమును 1981లో ఇంగ్లీషు ప్రపంచమునకు తెలియజేసినదియు ఆమెయే. 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ణయగ్రంథము ఆస్పెర్గర్ పేరును తొలగించి అన్నింటిని ఆటిజము వర్ణపటముక్రింద చేర్చెను. నాజీల కాలమున వికలాంగ శిశువులను మృత్యుగృహమునకు పంపుటలో ఆస్పెర్గర్ పాత్ర కూడ కలదని 2018లో చరిత్రకారులు వెల్లడించిన మీదట ఆ పేరును స్వచ్ఛందముగా వదలుకొన్నవారు పలువురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము నూటికి ఇంచుమించు ఒకరు ఇట్టివారు.

పూనాలోని ఆ యువతికి ఇదేమియు తెలియదు. ఆమెతో పనిచేయు స్నేహితురాలి నాలుగేండ్ల కుమారుని వైద్యునికి చూపుచుండగా, తల్లి పూరించవలసిన ప్రశ్నాపత్రమును పూరించుటకు సహాయము చేసినది. ప్రశ్నలు చదువుచు చదువుచు కలము ఆపివేసినది. అవి ఆ బాలుని గూర్చినట్లు లేవు. ఆ రాత్రి కేంబ్రిడ్జి పరిశోధకులు 2001లో పెద్దవారికై ప్రకటించిన 50 ప్రశ్నల పట్టికను తీసికొని సమాధానములు వ్రాసినది. అట్టి పట్టిక రోగనిర్ణయము కాదు. జ్వరమున్నదేమో అని నుదుటిపై చేయివేసి చూచుకొనుట వంటిది. అయినను చేయి కాలినది.

దీపావళికి ముందు ఆమె ఇంటికి ఫోను చేసి తల్లికి చెప్పినది. తల్లి వెంటవెంటనే మూడు మాటలనెను. మొదటిది: ‘అందరము కొంచెము అలాగే ఉంటాము.’ రెండవది: ‘ఇంత చదివి ఉద్యోగము చేస్తున్నావు, నీకేమి వచ్చినది?’ మూడవది, గొంతు తగ్గించి: ‘ఈ మాట ఎవరితోను అనకు. పండుగకు రాజమండ్రివారు వస్తున్నారు.’ రాజమండ్రివారనగా పెండ్లివారు.

ఈ మూడు మాటలను తేలికగా తీసివేయరాదు. మొదటిదానిలో ప్రేమ కలదు. బిడ్డను గుంపులోనికి లాగుకొనుట తల్లి స్వభావము. కాని ముప్పదియేండ్లు గుంపులో నిలుచుటకు దినదినము పరీక్ష వ్రాసిన బిడ్డకు ఆ మాట, ‘నీవు పడిన కష్టము కష్టమే కాదు’ అని వినబడును. రెండవదానిలో ఒక అపోహ కలదు: చదువు, జీతము ఉన్నచో ఆటిజము ఉండదని. డోనాల్డ్ బ్యాంకు ఉద్యోగమే దానికి సమాధానము. మూడవదానిలో భయము కలదు. ఆ భయము నిరాధారమని చెప్పుట అబద్ధమగును. సంబంధము తప్పిపోవచ్చును, తమ్ముని సంబంధముపై కూడ నీడ పడవచ్చును. సంఘములో మర్యాదకల పెద్దలే అట్టి నీడను పరచువారు. ఈ సభలోనివారును అందుకు పూర్తిగా వెలికారు.

తండ్రి ఫోనులో ఏమియు అనలేదు. ‘సరే, చూద్దాము’ అని పెట్టివేసెను. దస్త్రము మూలపడవలసినపుడు కచేరీలో అనుమాటయు అదియే గనుక కూతురు నిరాశ చెందినది.

ఆ తరువాత ఆమె చేసిన పని తెలివైనది. నోటిమాటలో తల్లి కంఠము హెచ్చుతగ్గులనుబట్టి తనకు ఆలోచన చెదరిపోవునని ఆమెకు తెలియును. కనుక ఉత్తరము వ్రాసినది. ఆటిజము కల పెక్కుమందికి మాటకంటె వ్రాత సుఖము. వినువారికిని కోపము చల్లారి మరల చదువుకొనుటకు వీలుండును. తల్లికి ఇంగ్లీషు అంతగా రాదు. కూతురు హిందీ ప్రాంతపు బడులలో చదివినది. చిన్ననాడు తెలుగు సంఘమువారు ఆదివారములందు చెప్పిన పాఠములలో నేర్చిన అక్షరములే ఆమె పెట్టుబడి. ఒత్తులు తప్పినవి, దీర్ఘములు తారుమారైనవి. మూడు పుటలు వ్రాయుటకు నాలుగు రాత్రులు పట్టినది.

ఆ ఉత్తరమున ఆమె, ‘నాకు ఆటిజము ఉన్నదని మీరు ఒప్పుకొనుడు’ అని అడుగలేదు. ఇది గమనింపదగినది. ఒప్పుకొనుటయా మానుటయా అని అడిగినచో తలిదండ్రులు న్యాయమూర్తులగుదురు. వెంటనే తీర్పు చెప్పివేయుదురు. ఆమె, ‘మీకు ఏమి జ్ఞాపకము ఉన్నది?’ అని అడిగినది. నేను ఎప్పుడు నడిచితిని? మొదటి మాట ఏది? వ్రేలితో వస్తువును చూపుట ఎప్పుడు నేర్చితిని? పిలిచినపుడు తిరిగి చూచెడిదాననా? ఒంటరిగా ఏమి ఆడెడిదానను? ఇవి కుతూహలముకొరకు అడిగినవి కావు. పెద్దవారిలో ఆటిజమును నిర్ణయించుటకు రక్తపరీక్ష లేదు, మెదడు ఛాయాచిత్రము లేదు. మానసిక వైద్యుడో, శిక్షణపొందిన క్లినికల్ సైకాలజిస్టో ఆ వ్యక్తితో పలుమారులు మాటలాడి, నడవడిని పరిశీలించి, అన్నింటికిమించి శైశవ చరిత్రను సేకరింపవలయును. ఏలయన ఆటిజము నడుమ వచ్చునది కాదు. లక్షణములు బాల్యముననే ఉండి తీరవలయును. ఇరువదియైదవ యేట మొదలైనదైనచో అది ఆందోళనయో, విషాదరోగమో, మరియొకటియో కావచ్చును. ఆ రెంటికిని భేదము చెప్పగల సాక్షి తల్లి. బిడ్డకు మూడేండ్లు నిండకముందటి కాలమును చూచినవారు ఆమెకంటె ఎవరు?

తలిదండ్రులు జీవించిలేకున్నను, సహకరింపకున్నను పరీక్ష ఆగిపోదని ఇక్కడనే చెప్పుట మంచిది. పినతల్లి, అన్న, పాత ఇరుగుపొరుగు, బడి ప్రగతిపత్రములు, పాత వీడియోలు ఇట్టివానిని వైద్యులు చూతురు. 18 ఏండ్లు నిండినవారు పరీక్ష చేయించుకొనుటకు తలిదండ్రుల అనుమతి అక్కరలేదు. వైద్యుడు వారి రహస్యమును కాపాడవలసినవాడే. ఇల్లు వదలి వెళ్ళగొట్టుదురను భయమున్నచోట, కొట్టుదురను భయమున్నచోట, ముందు పరీక్ష చేయించుకొని పిమ్మట చెప్పుటయో, చెప్పకుండుటయో తప్పు కాదు. అన్ని ఇండ్లు ఒకటి కావు.

ఉత్తరము అందిన రాత్రి తల్లి నిదురింపలేదు. ‘నేనేమి తప్పు చేసితిని? గౌహతిలో ఉన్నపుడు రెండేండ్లు నాకు ఒంట్లో బాగులేక పిల్లను సరిగా ఎత్తుకొనలేదు’ అని భర్తతో అన్నది. ఈ ప్రశ్నను ప్రపంచపు తల్లులందరిచేత అడిగించినవారు వైద్యులే. కానరే ఒకప్పుడు తలిదండ్రుల చల్లదనమును గూర్చి వ్రాసెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనునాతడు ఒక గ్రంథమే వ్రాసి, తల్లుల నిరాదరణవలన బిడ్డ లోనికి ముడుచుకొనిపోవునని లోకమును నమ్మించెను. ఆ గ్రంథమునకు మూడేండ్లకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది శరీరధర్మమునకు సంబంధించినదని వాదించియుండెను. ఆయనయు ఆటిజము కల బాలునికి తండ్రి. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు 21 జతల కవలలను పరిశీలించి, వంశానుగతమైన కారణము బలీయమని చూపిరి. పెంపకమువలన ఆటిజము రాదు. గ్రహణమువలన రాదు. టీకాలవలన రాదు; టీకాలను నిందించుచు 1998లో వెలువడిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. ఇంత శాస్త్రము తెలిసినను ఆ తల్లి ఆ రాత్రి నిదురించెడిదా అనునది వేరే ప్రశ్న.

తండ్రి ఉత్తరమును కచేరీ కాగితమువలె చదివెను. పెన్సిలు తీసికొని అంచున అచ్చటచ్చట టిక్కులు పెట్టెను. ‘ముందు చెప్పకుండా అతిథులు వచ్చిన గుండె దడదడలాడును’ అనుచోట ఒకటి. ‘ఒకే కంచములో, ఒకే చోట కూర్చుండి తినకున్న అన్నము దిగదు’ అనుచోట ఒకటి. ‘కార్యక్రమము మారినచో దినమంతయు పాడగును’ అనుచోట రెండు. మరునాడు ఉదయము భార్య ఆ కాగితములు చూచి, ‘ఏమండీ, ఇవన్నియు అమ్మాయిలో మీరు గమనించినవా?’ అని అడిగెను.

‘అమ్మాయివి కావు. నావి’ అని ఆయన అనెను.

ముప్పదినాలుగేండ్ల సర్వీసులో ఆయన ఒకే బల్లపై, ఒకే దిక్కున కూర్చుండెను. టిఫిను డబ్బాలో ప్రతిదినము రెండు చపాతీలు, నిమ్మకాయ ఊరగాయ. రైల్వే టైము పట్టికను కథలపుస్తకమువలె చదివెడివాడు. బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిమారు వారము దినములు మాటలాడక, అది క్రమశిక్షణయని తానును అనుకొని, ఇతరులను అనుకొననిచ్చెను. కచేరీలో దానికి గౌరవము లభించినది. చట్టము తప్పని మనిషి అని పేరు వచ్చినది. అదే స్వభావము కూతురికి పొగరు అని పేరు తెచ్చినది. బిడ్డను గూర్చిన పరీక్షలో తలిదండ్రులలో ఒకరు తమ్ము తాము గుర్తుపట్టుట వైద్యులకు కొత్త విషయము కాదు. ఆ తండ్రికి మాత్రము కొత్త. ఆయన తన పరీక్షను గూర్చి ఏమియు అనలేదు. ఇంకొక యేడాదిలో రిటైరగువానికి ఎందుకు అని అనుకొనియుండును. కాని అటకమీది ట్రంకుపెట్టె దించించెను.

ఐదు బడుల ప్రగతిపత్రములు అందు ఉన్నవి. ఉద్యోగియొక్క గుణమొకటి ఇచ్చట అక్కరకు వచ్చినది: ఆయన ఏ కాగితమును పారవేయలేదు. మూడు ఊళ్ళ ఉపాధ్యాయులు మూడు భాషలలో ఒకే మాట వ్రాసిరి: చదువులో మేటి, తోటివారితో కలియదు. విడివిడిగా చదివినపుడు అది మూడు చిన్న ఫిర్యాదులు. ఒకచోట పేర్చినపుడు అది ఒక చరిత్ర. తండ్రి తారీఖులవారీగా పట్టిక వ్రాసెను. తల్లి ప్రక్కన కూర్చుండి సరిదిద్దెను. మొదటిమాట నాగపూరులో అని ఆయన వ్రాయగా, ‘కాదు, భువనేశ్వరములో. పాలవాడు వచ్చినపుడు. రెండేండ్ల ఎనిమిది నెలలు’ అనెను. అమ్మ అని గాక గేటు అని పిల్ల తొలిపలుకు పలికినదని, ఆ సంగతి ఇన్నాళ్ళు అత్తగారికి కూడ చెప్పలేదని అప్పుడు చెప్పినది.

ప్రభుత్వోద్యోగులకు ఉపయోగపడు కొన్ని సంగతులను ఇచ్చట త్వరగా చెప్పవచ్చును. రోగనిర్ణయము వేరు, వికలాంగ ధ్రువపత్రము వేరు. మొదటిది తన్ను తాను తెలిసికొనుటకు. రెండవది చట్టమిచ్చు సదుపాయములకు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ఆటిజమును పేర్కొన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములలో దీనిని చేర్చినది. ప్రభుత్వోద్యోగములలో 4 శాతము కేటాయింపునందు 1 శాతము ఆటిజము, బుద్ధిమాంద్యము, అభ్యసన వైకల్యము, మానసిక వ్యాధి, బహుళ వైకల్యములు కలవారికి ఉమ్మడిగా లభించును. అందులకు వైకల్యము 40 శాతమునకు తగ్గరాదు. ధ్రువపత్రమునకై వాడు 40 అంశముల భారతీయ కొలమానమును తయారుచేసినది సికింద్రాబాదులోని జాతీయ సంస్థయే. తెలుగువారి ముంగిట పుట్టిన కొలమానము. వైకల్యము కల బిడ్డను చూచుకొను ఉద్యోగిని మామూలు బదిలీలనుండి మినహాయించుచు 2014లో వెలువడిన ఉత్తర్వులలో ఆటిజము కూడ ఆ సంవత్సరమే చేర్చబడినది. ఈ కుటుంబము విషయమున అది పదియేండ్లు ఆలస్యము. ఇక మందుల మాట: ఆటిజమును పోగొట్టు మందు లేదు. తోడుగా వచ్చు ఆందోళన, నిద్రలేమి, మూర్ఛ వీనికి చికిత్స కలదు. మూలకణములు ఎక్కించి నయము చేయుదుమని లక్షలు పుచ్చుకొనువారి ప్రకటనలు వచ్చుచున్నవి. జాతీయ మార్గదర్శకములు దానిని అంగీకరింపలేదు. రోగమని ఒప్పుకొననివారే ఒప్పుకొన్న మరునాడు ఇట్టి దుకాణముల ముందు నిలుచుండుట విచారకరము.

తల్లి, తండ్రి, కూతురు ముగ్గురును పూనాలో వైద్యురాలి యెదుట కూర్చుండిరి. నాలుగు మారులు పోవలసివచ్చెను. మూడవమారు వైద్యురాలు కూతురిని బయటికి పంపి తల్లిని ఒంటరిగా ప్రశ్నించెను. రెండు గంటలు పట్టెను. బయటికి వచ్చిన తల్లి కన్నులు ఎఱ్ఱగా నుండెను. కూతురు ఆ ముఖమును చూచి కోపమా దుఃఖమా తేల్చుకొనలేక, ‘అమ్మా, ఇప్పుడు నీకు కోపముగా ఉన్నదా, ఏడుపుగా ఉన్నదా? నాకు తెలియుటలేదు, చెప్పు’ అని అడిగినది. ఇరువదియేడేండ్లలో ఆమె ఈ ప్రశ్న అడుగుట అదియే మొదలు. అంతకుమున్ను నోటుపుస్తకములోని మాటతో సరిపెట్టుకొనెడిది. ‘ఏడుపే, తల్లీ. నీ మీద కాదు’ అని తల్లి బదులు చెప్పినది. నాలుగవమారు వైద్యురాలు ఆటిజము కలదని వ్రాసి యిచ్చెను. దానితోబాటు చిరకాలపు ఆందోళన కూడ కలదని, దానికి చికిత్స ఆరంభింపవచ్చునని చెప్పెను.

మిగిలినది రాజమండ్రివారి సంగతి. వారు పండుగకు వచ్చి, అమ్మాయిని చూచి, ఇష్టపడి వెళ్ళియుండిరి. చెప్పవలెనా వద్దా అని ఇంట పది దినములు చర్చ జరిగెను. పెండ్లియైన పిమ్మట అదియే సర్దుకొనునని తల్లి అన్నగారు సలహా యిచ్చెను. పెండ్లిలో సర్దుకొనుటయనగా ఎవరు సర్దుకొందురో, ఎన్నేండ్లు సర్దుకొందురో ఆ మేనమామ చెప్పలేదు. మేళమునకు, విందునకు, పదిమంది ఆడపడుచులు కల ఉమ్మడి కుటుంబమునకు తాను ఓర్వలేనని కూతురు చెప్పినది. పెండ్లి వద్దని మాత్రము అనలేదు. ‘తెలిసి ఒప్పుకొన్నవారైతే చాలును’ అనినది.

తండ్రి ఉత్తరము వ్రాయుటకు కూర్చుండెను. మొదటి చిత్తుప్రతిలో, ‘మా అమ్మాయికి స్వల్పమైన అనారోగ్యము’ అని వ్రాసి కొట్టివేసెను. అనారోగ్యము కాదు గనుక. రెండవదానిలో క్షమాపణలు ఎక్కువైనవని కూతురు కొట్టివేసినది. మూడవది ఒక్క పుట. ఆటిజము అనగానేమో నాలుగు పంక్తులు, అమ్మాయికి ఏవి కష్టమో, ఏవి ఇష్టమో పది పంక్తులు, వైద్యురాలిని వారు స్వయముగా అడుగదలచిన కూతురికి అభ్యంతరము లేదను ఒక పంక్తి. అడుగున తండ్రి సంతకముతో కూడ కూతురు సంతకము చేసినది, తెలుగులో. స్పీడుపోస్టున పంపి, రసీదును ప్రగతిపత్రముల దస్త్రములోనే అతికించిరి. పంపి పదునాలుగు దినములైనది. రాజమండ్రినుండి జవాబు రాలేదు.